మాస్టారిని అడగండి: పాడితే పెట్టాల్సిందే!

పోయిన సంచికలో క్రిస్మస్ కేరల్స్ గురించి రాస్తూ, ఇంగ్లండ్ పల్లెల్లో ఒకప్పుడు ఇంటింటికీ వెళ్ళి పాడి, తిండీ డబ్బులూ అడిగేవాళ్ళని ఒక్క వాక్యం రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. "దొరలు కూడా అడుక్కున్నారా!" అని సంబరపడినవాళ్ళు కొందరు, "మన హరిదాసుకీ వాళ్ళకీ పోలికేమిటి?" అని కోప్పడినవాళ్ళు కొందరు. సరే, ఈ నెల కాలమ్ అంతా దానికే. వ్యాకరణం సందేహాలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

పెరుంగుడి నుంచి ఒక తల్లి: మాస్టారూ, అక్టోబర్ 31 రాత్రి హాలోవీన్ అంటూ మా అపార్ట్‌మెంట్ పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ప్రతి ఫ్లాట్ బెల్లూ కొట్టి చాక్లెట్లు అడిగారు. మా అత్తయ్యగారు చూసి "మన పిల్లలు గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడమేంటి, ఈ అమెరికా పిచ్చి మనకెందుకు" అని పెద్ద గొడవ చేశారు. మా వాడు ఏడ్చి అన్నం మానేశాడు. ఇది నిజంగా అమెరికా అలవాటేనా?

అత్తయ్యగారిని ఏమీ అనకండి. గుమ్మం ముందు చెయ్యి చాపడం గురించి ఆవిడ అడిగిన ప్రశ్న సరైనదే. నేరం అమెరికా మీద వేయడమే కాస్త తొందరపాటు. ఈ వేషాల వ్యవహారం ఐర్లండ్, స్కాట్లండ్ నుంచి వలస వెళ్ళినవాళ్ళ వెంట అమెరికా చేరింది. స్కాట్లండ్‌లో దీన్ని గైజింగ్ అంటారు. అక్కడి పాత పద్ధతిలో పిల్లవాడు ఊరికే సంచి తెరిచి పట్టుకుంటే కుదరదు. గుమ్మంలో నిలబడి ఒక పాటో, పద్యమో, కనీసం ఒక జోకో చెప్పాలి. అప్పుడే ఆపిల్ పండో, గుప్పెడు గింజలో చేతిలో పడేది. అమెరికాలో పాట రాలిపోయింది. ఇవ్వకపోతే అల్లరి చేస్తామనే బెదిరింపూ చాక్లెట్టూ మిగిలాయి.

ఇంగ్లండ్‌లో దీనికి దగ్గరి చుట్టం సోలింగ్. నవంబర్ 1 సర్వ పరిశుద్ధుల పండుగ, 2వ తేదీ చనిపోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థించే రోజు. ఆ రోజుల్లో పేదవాళ్ళూ పిల్లలూ ఇళ్ళకు వెళ్ళి 'సోల్ కేక్' అడిగేవాళ్ళు. పేరుకు కేకు గానీ అది బిస్కెట్టుకు పెద్దన్న. అరచేతిలో పట్టేంత గుండ్రంగా, దాల్చినచెక్క, జాజికాయ, ఎండుద్రాక్ష వేసి, పైన శిలువ గీత గీసి కాల్చేవాళ్ళు. తీసుకున్నవాళ్ళు ఇచ్చినవాళ్ళ ఇంట్లో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయాలి. అదీ లెక్క. పితృదేవతల పేరు మీద నలుగురికి పెట్టడం అత్తయ్యగారికి తెలియనిది కాదు. ఆ వరసలో చెప్పి చూడండి, కోపం సగం దిగుతుంది.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ దేశమయ్యాక, పోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తే ఫలితమేమీ లేదని కొత్త చర్చి తేల్చేసింది. ప్రార్థన పోయింది గానీ కేకు పోలేదు! చెషైర్, ష్రాప్‌షైర్, స్టాఫర్డ్‌షైర్ ప్రాంతాల్లో 19వ శతాబ్దం చివర కూడా పిల్లలు గుమ్మాల ముందు నిలబడి "ఆపిలో, బేరికాయో, చెర్రీ పండో, ఏదో ఒకటి పెట్టమ్మా" అని పాడుతూనే ఉన్నారు. షేక్‌స్పియర్ నాటకం 'ది టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా'లో ఒక పనివాడు, ప్రేమలో పడి నీరుగారిపోయిన తన యజమానిని, నవంబర్ పండుగనాటి బిచ్చగాడిలా దీనంగా మాట్లాడుతున్నావని ఎగతాళి చేస్తాడు. ఆ మాట విని హాలంతా నవ్వాలంటే, ఆ దృశ్యం అందరూ వీధిలో చూసినదే అయి ఉండాలి కదా.

చెషైర్‌లో ఆంట్రోబస్ అనే ఊళ్ళో ఇప్పటికీ ఆ నవంబర్ పండుగ రోజుల్లో ఒక బృందం పబ్బులు తిరిగి చిన్న నాటకం ఆడుతుంది. అందులో అసలు సిసలు గుర్రం పుర్రెకు నల్ల రంగు పూసి, దవడలు టకటకా కొట్టుకునేలా తాడు కట్టిన 'వైల్డ్ హార్స్' వస్తుంది. దాని పేరు డిక్. మీ వాడికి చెప్పండి, అన్నం తింటాడు.

ఇంకొక మాట. అత్తయ్యగారిది ఆంధ్రా పల్లెటూరయితే, చిన్నప్పుడు దసరాకు రంగు కాగితాలు అంటించిన బాణాలు పట్టుకుని, అయ్యవారి వెనక వరసగా నడిచి ఇంటింటా పాడారేమో అడగండి. "ఏదయా మీ దయ మా మీద లేదు" అని మొదలుపెట్టి, "అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాండ్రకు చాలు పప్పుబెల్లాలు" అని రేటు కూడా పాటలోనే చెప్పేసేవాళ్ళు. రేపు రా, మాపు రా అనకండి, చేతిలో లేదనకండి అని తప్పించుకునే దారులు కూడా ముందే మూసేసేవాళ్ళు. అది అడుక్కోవడమని ఏ ఇంట్లోనూ ఎవరూ అనుకోలేదు. బడిపంతులి జీతంలో ఒక భాగం అలాగే వచ్చేది. వచ్చే ఏడు మీ వాడి చేత బెల్లు కొట్టాక ఒక వేమన పద్యం చెప్పించండి. అత్తయ్యగారే దగ్గరుండి నేర్పుతారు.

అయనావరం నుంచి ఒక తెలుగు చర్చి కాయర్ కుర్రాడు: సార్, మేం ఏటా డిసెంబర్‌లో కేరల్ రౌండ్స్‌కు వెళ్తాం. ఈసారి ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ "పాడుకోండి, కానీ డబ్బా తేవద్దు, అది బెగ్గింగ్" అన్నారు. చాలా ఇన్సల్ట్‌గా అనిపించింది. ఇంగ్లండ్‌లో కేరల్స్ పాడినవాళ్ళు డబ్బులు అడిగేవాళ్ళా?

అడిగేవాళ్ళు బాబూ, మీకంటే గట్టిగానే. మీరు నాలుగు పాటలు పాడి, డబ్బా ఊపి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోతారు. వాళ్ళు అలా కాదు.

కేరల్ రౌండ్స్ కంటే ముందు నుంచీ ఉన్నది వసెయిల్. క్రిస్మస్‌కూ జనవరి 6కూ మధ్య చలిరాత్రుల్లో పల్లె జనం ఒక పెద్ద చెక్క గిన్నె పట్టుకుని, దానికి రిబ్బన్లు, పచ్చటి ఆకులు కట్టి ఊరి పెద్దల ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. గిన్నెలో వేడి బీరు, పంచదార, జాజికాయ, అందులో కాల్చిన ఆపిల్ పళ్ళు తేలుతూ ఉంటాయి. ముందు యజమానికి పాటతో ఆశీర్వాదం, ఆయన గుక్కెడు తాగాలి, తర్వాత గిన్నె నింపాలి, తిండి పెట్టాలి, డబ్బులివ్వాలి. గ్లాస్టర్‌షైర్ పాటలో అయితే యజమానికే కాదు, ఆయన గుర్రానికీ ఆవులకూ కూడా పేరుపేరునా దీవెనలున్నాయి. ఈ ఆవు కొమ్ము చల్లగుండ, యజమానికి మంచి పంట పండ, అని మన బసవన్నను ఆడించేవాడి ధోరణే. అందులోనే, వంటింటి అధికారి మంచి బీరు తెస్తే వాడి ఆత్మ స్వర్గంలో ఉండాలి, పల్చటి బీరు తెచ్చాడో గిన్నెతో సహా వాడు కూలిపోవాలి అని శాపం కూడా! దీవెనా బెదిరింపూ ఒకే రాగంలో.

ఇచ్చేవాళ్ళకు ఇదంతా ముచ్చటగానే ఉండేదని కాదు. జాన్ సెల్డెన్ అని 17వ శతాబ్దపు న్యాయపండితుడు విసుక్కున్నాడు: కొత్త సంవత్సరం రోజుల్లో అమ్మాయిలు గిన్నె పట్టుకొచ్చి ఏదో చిక్కటి ద్రవం తాగమంటారు, అసలు సంగతి దాని విలువకు పది రెట్లు డబ్బులు రాలాలని. ఆయన ఇప్పుడుంటే మీ అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ అయ్యేవాడు.

నీ ప్రశ్నకు నేరుగా జవాబు 19వ శతాబ్దపు ఒక వసెయిల్ పాటలోనే ఉంది. పిల్లలు పాడతారు: మేము రోజూ గుమ్మం గుమ్మం తిరిగే బిచ్చగాళ్ళం కాము, మీరు ఇదివరకు చూసిన పొరుగింటి పిల్లలమే. ఆ వెంటనే, మా దగ్గర సాగే తోలుతో చేసిన చిన్న సంచి ఉంది, లోపల కొంచెం డబ్బు పరచండి అంటారు. సిగ్గు పడటం లేదు, దబాయించడమూ లేదు. మేమెవరమో మీకు తెలుసు, ఇవాళ ఏ రోజో మీకు తెలుసు అంటున్నారు, అంతే. ఈ అడగడానికి హక్కు ఆ రెండింటి నుంచే వస్తుంది. ముఖం తెలియాలి, రోజు కుదరాలి. వసెయిల్ పాట మార్చి నెలలో పాడితే అది అచ్చంగా అడుక్కోవడమే.

మా పెరంబూర్ సందులో ఈ సంగతి బాగా తెలిసిన ఒక ఆంటీ ఉండేవారు. రైల్వే కుటుంబం, ఆంగ్లో ఇండియన్. డిసెంబర్ మూడో వారంలో కాయర్ కుర్రాళ్ళు గిటారుతో వస్తే, ఆవిడ గుమ్మం దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడేవారు. పళ్ళెంలో కల్‌కల్స్, మనం గులాబీ పువ్వులంటామే ఆ రోజ్ కుకీస్. పైన క్రోషే గుడ్డ కప్పి ఉండేది. మొదటి పాట అయ్యాక కుర్రాళ్ళ చూపు గుడ్డ మీదకు వెళ్ళేది. ఆవిడ తల అడ్డంగా ఊపి "ఇంకొకటి. ఈసారి అన్ని చరణాలూ" అనేవారు. రెండో పాట చివరి చరణం దాకా అయితే గానీ గుడ్డ తీసేవారు కాదు. డబ్బాలో వేసే నోటు కూడా మడిచి పట్టుకుని ఉండేవారు, చివర వేసేవారు. ఆ కుర్రాళ్ళు సందు మొత్తంలో జాగ్రత్తగా పాడేది ఆ ఒక్క గుమ్మంలోనే.

కాబట్టి డబ్బా మానేయకండి. ఆ డబ్బు దేనికో ఒక కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. సెక్రటరీ గారిని మొదటి పాట ఏది కావాలో ఎంచుకోమనండి. కాదనలేరు.

ఎగ్మూర్ నుంచి క్రికెట్ అభిమాని: బాక్సింగ్ డే టెస్ట్ అంటారు కదా, అందులో బాక్సింగ్ ఏంటి సార్?

గుద్దులాట కాదు, డబ్బా. దుకాణాల్లో పని నేర్చుకునే కుర్రాళ్ళు క్రిస్మస్‌కు మట్టి హుండీలు పెట్టి ఖాతాదారుల దగ్గర పోగుచేసి, పండుగకు పగలగొట్టి పంచుకునేవాళ్ళు. 1663 డిసెంబర్ 19న లండన్‌లో నౌకాదళ ఉద్యోగి శామ్యూల్ పెపిస్ తన డైరీలో, చెప్పులవాడి బాకీ తీర్చి కుర్రాళ్ళ డబ్బాలో క్రిస్మస్ కోసం కొంత వేశానని రాసుకున్నాడు. తర్వాత పోస్ట్‌మన్, పాలవాడు, పనివాళ్ళు అందరూ డిసెంబర్ 26న ఇంటింటికీ వచ్చి అడగడం ఆనవాయితీ అయింది. 1871 నుంచి అక్కడ అది చట్టప్రకారం సెలవు. మన చెన్నైలో దీపావళి ఇనాం అంటూ గుమ్మంలో నిలబడతారే, అదే. మెల్‌బోర్న్ టెస్ట్ ఆ తేదీకి మొదలవుతుంది కాబట్టి ఆ పేరు.

తాంబరం నుంచి ఒక గృహిణి: ఇవన్నీ మగవాళ్ళూ పిల్లలూ చేసినవేనా? ఆడవాళ్ళు ఎక్కడా లేరా మాస్టారూ?

ఉన్నారమ్మా, పైగా వాళ్ళదొక ప్రత్యేకమైన రోజు. మీరు తాంబరం నుంచి ఊళ్ళోకి వచ్చేటప్పుడు పరంగిమలై స్టేషన్ తగులుతుంది కదా, ఆ కొండకు పేరిచ్చిన సెయింట్ థామస్ పండుగే అది. ఇప్పుడు జూలై 3న చేస్తున్నారు గానీ, ఇంగ్లండ్‌లో పాత తేదీ డిసెంబర్ 21. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజులవి, చలి ఎముకలు కొరికే కాలం, క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రోజు ఊళ్ళో వితంతువులు, ముసలమ్మలు, పిల్లలు ఎక్కువున్న పేద తల్లులు కలిసి రైతుల ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. దీన్ని థామసింగ్ అనీ, గుడింగ్ అనీ ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలిచేవాళ్ళు. అడిగేది ముఖ్యంగా గోధుమలు. గోధుమలను నానబెట్టి పాలతో ఉడికించి ఫ్రూమెంటీ అని పండుగ పాయసం లాంటిది చేసుకునేవాళ్ళు, పిండికీ ఉపయోగపడేవి. కొన్ని ఊళ్ళలో మిల్లు యజమాని ఆ గోధుమలు కూలి తీసుకోకుండా ఆడించి ఇచ్చేవాడు. గోధుమలిచ్చిన ఇంటికి వీళ్ళు ఊరికే వెళ్ళిపోరు. ఎర్రటి కాయలున్న హోలీ అనే చెట్టు కొమ్మో, మిజిల్‌టో అనే బదనిక రెమ్మో ఇచ్చి వచ్చేవాళ్ళు.

ఆ రెమ్మ దగ్గరే నా మనసు ఆగిపోతుంది. కంచె మీద ఊరికే దొరికేది, దానికి ఖరీదేముంది! కానీ అది చేతిలో ఉంటే ఆవిడ బిచ్చానికి వచ్చిన మనిషి కాదు, పండుగకు పచ్చదనం తెచ్చిన మనిషి. ఏడాదంతా ఎవరి గడపా తొక్కని అభిమానవంతురాలు కూడా ఆ ఒక్క రోజు వెళ్ళగలిగేది, తోడుగా పదిమంది ఉంటారు కాబట్టి. మన వైపు పండుగ నాడు వచ్చిన ముత్తైదువను ఉత్త చేతులతో పంపరు. అక్కడ వచ్చినావిడే ఉత్త చేతులతో రాదు.

యార్క్‌షైర్‌లో ఇంకో పద్ధతి. ఆడవాళ్ళు ఒక పెట్టెలో మరియమ్మ, బాలయేసు బొమ్మలు పెట్టి, చుట్టూ ఆకులు, రిబ్బన్లు, ఒక్కోసారి నారింజపళ్ళు కూడా అమర్చి, పైన గుడ్డ కప్పి తెచ్చేవాళ్ళు. పాట పాడి, డబ్బులిస్తే గుడ్డ తీసి చూపించేవాళ్ళు. క్రిస్మస్ లోపల ఆ పెట్టె గడపలోకి రాకపోతే ఇంటికి కలిసిరాదని నమ్మకం. ఇక ఇవ్వకుండా ఎవరుంటారు?

విల్లివాక్కం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: మా వీధికి సంక్రాంతి ముందు గంగిరెద్దును తోలుకుని ఒకతను వస్తాడు. ఇరవై ఇస్తే "అయ్యగారి చేతికి యాభై తగ్గకూడదు" అంటాడు, ఎద్దు చేత తల ఊపిస్తాడు. ఇవ్వకపోతే గేటు దగ్గర నుంచి కదలడు. ఇది బలవంతపు వసూలు కాదా? మీ ఇంగ్లీషువాళ్ళు ఇంత మొండిగా ఉండేవాళ్ళా?

అయ్యా, మీ గేటు ఇంకా నిలబడి ఉందిగా, సంతోషించండి. ప్లౌ మండే, అంటే నాగలి సోమవారం గురించి చెబుతాను వినండి.

జనవరి 6 తర్వాత వచ్చే మొదటి సోమవారం అక్కడ దుక్కి పనులు మళ్ళీ మొదలయ్యే రోజు. అసలు సంగతేమిటంటే, నేల గడ్డకట్టినన్నాళ్ళూ వ్యవసాయ కూలీకి పనీ ఉండదు, కూలీ ఉండదు. క్రిస్మస్‌కు ఉన్న నాలుగు డబ్బులూ ఖర్చయిపోతాయి. అందుకని ఆ సోమవారం నాడు పాలేరు కుర్రాళ్ళు చొక్కాల నిండా రిబ్బన్లు కుట్టుకుని, ఎద్దుల బదులు తామే కాడికి కట్టుకుని, నాగలి ఈడ్చుకుంటూ ఊరంతా తిరిగేవాళ్ళు. ఒకడు ఆడవేషం వేస్తాడు, వాడి పేరు బెస్సీ. డబ్బుల డబ్బా వాడి చేతిలోనే. మధ్యయుగంలో ఆ డబ్బులో కొంత చర్చిలో వెలిగే నాగలి దీపానికి వెళ్ళేది. 16వ శతాబ్దపు మార్పులతో దీపం ఆరిపోయింది. వసూలు మాత్రం ఆగలేదు, పబ్బు దారి పట్టింది.

ఇవ్వనన్నవాడి గుమ్మం ముందు ఏం చేసేవాళ్ళంటే, నాగలి నేలకు దించి దున్నేసేవాళ్ళు! నిజంగానే. 1810లో డార్బీ కోర్టుకు ఒక రైతు వెళ్ళాడు. డబ్బులివ్వనన్నందుకు తన ఇంటి దారినీ పచ్చికనూ దున్నేసి 20 పౌండ్ల నష్టం చేశారని ఫిర్యాదు. ఆ రోజుల్లో కూలీకి అది చాలా నెలల సంపాదన. మీ గంగిరెద్దు తల ఊపి ఊరుకుంటోంది.

నేను దున్నినవాళ్ళను సమర్థించడం లేదు. కానీ ఒకటి గమనించండి. నాగలి ఎవరి పొలంలో తిరుగుతుందో ఆ రైతే ఆ గుమ్మంలో నిలబడ్డవాడు. పనికి పిలవని రోజుల్లో కూడా మేం ఉన్నాం, తింటున్నాం అని గుర్తు చేయడమే ఆ ఊరేగింపు. సంవత్సరంలో మిగతా రోజులన్నీ ఆ కుర్రాళ్ళు టోపీ తీసి మాట్లాడాల్సిన మనుషులతో ఆ ఒక్క రోజు గట్టిగా మాట్లాడారు.

దీన్ని చివరికి ఆపింది ఎక్కువగా పోలీసులూ, మర్యాదస్తులూ. కేంబ్రిడ్జ్‌షైర్‌లో విటిల్‌సీ అనే ఊళ్ళో, ప్లౌ మండే మర్నాడు ఒక మనిషికి తలనుంచి కాళ్ళదాకా గడ్డి చుట్టి, ఎలుగుబంటిలా వీధుల్లో ఆడించి డబ్బులు, బీరు అడిగేవాళ్ళు. 1909లో అక్కడి పోలీసు అధికారి ఇది అడుక్కోవడమేనని ఆపేయించాడు. 1980లో మళ్ళీ మొదలైంది, ఇప్పుడు అదే ఎలుగుబంటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అప్పట్లో నేరం, ఇప్పుడు టూరిజం.

మీ గంగిరెద్దు అతనితో ఒకసారి తెలుగులో మాట్లాడారా? తమిళంలో బూంబూం మాడు అని పిలిచే ఆ పనిలో ఉన్న చాలా కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. యాభై ఇచ్చి సన్నాయి కాసేపు వాయించమనండి. బేరం ఆడాల్సింది అక్కడ.

మైలాపూర్ నుంచి ఒక పెద్దాయన: హరిదాసుది భక్తి, తలమీద అక్షయపాత్ర, నోట హరినామం. మీరు చెప్పేవాళ్ళది తాగుడు. రెంటినీ ఒక గాట కట్టడం అన్యాయం.

తేడా ఉందండీ, కాదనను. త్యాగరాజస్వామి ఉంఛవృత్తి చేశారు, రామనామం పాడుతూ వీధుల్లో నడిచి, గృహస్థులు వేసిన బియ్యంతో బతికారు. తిరువైయారు ఆరాధనలో ఇప్పటికీ ఉంఛవృత్తి ఊరేగింపు చేస్తారు. అది వ్రతం. వసెయిల్ వ్రతం కాదు. అయితే పెద్దవారు మన్నిస్తే ఒక్క మాట: హరిదాసు ఇంటి ముందు ఆగి అడగడు, మీరే వెళ్ళి పాత్రలో పోయాలి. అంటే అడగకుండా అడిగే పద్ధతి మన దగ్గర ఉంది, అరిచి అడిగే పద్ధతీ మన దగ్గరే ఉంది, బుడబుక్కలవాడిని మర్చిపోతే ఎలా? అక్కడా అంతే. ఆ గోధుమల ముసలమ్మలనూ ఆ నాగలి కుర్రాళ్ళనూ కూడా ఒక గాట కట్టలేం.

బెంగళూరు నుంచి ఒక జానపద విద్యార్థిని: ఈ పాటలు, ఆటలు ఎవరు రాసి పెట్టారు? వాళ్ళూ మన పరిశోధకుల్లాగే ఊళ్ళు తిరిగారా?

చాలామంది తిరిగారు. వాళ్ళలో సెసిల్ షార్ప్ కథ చెబుతాను, ఎందుకంటే అందులో మన విషయం దాగి ఉంది. 1899 డిసెంబర్ 26న, ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్‌టన్‌లో ఆయన అత్తగారింట్లో ఉన్నాడు. తెల్లబట్టలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకున్న మగవాళ్ళు కొందరు ఇంటి ముందుకు వచ్చి మోరిస్ నాట్యం చేశారు. కాన్సర్టీనా అనే చేతి వాద్యం వాయించినవాడు విలియం కింబర్, ఇటుకలు పేర్చే మేస్త్రీ. షార్ప్‌కు ఆ బాణీలు ఎంత నచ్చాయంటే, మర్నాడే కింబర్‌ను పిలిపించుకుని రాసుకున్నాడు. ఇంగ్లండ్ జానపద నృత్యాల సేకరణ ఆయన చేతుల్లో ఎంతో పెరిగింది, 1911లో దానికోసం ఒక సంఘమే పెట్టాడు.

అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నువ్వు ఇంకో అడుగు వెయ్యి. ఆ ఆట అసలు క్రిస్మస్‌ది కాదు, వేసవి ముందు విట్సన్ పండుగది. అకాలంలో ఆడుతున్నామని వాళ్ళే క్షమాపణ కూడా చెప్పారు. మరి ఎందుకొచ్చారు? ఆ డిసెంబర్ చలికి ఇళ్ళ కట్టుబడి పనులు ఆగిపోయాయి, మేస్త్రీలకు పని లేదు. నాలుగు డబ్బులు దొరుకుతాయని గజ్జెలు కట్టారు. ఇంగ్లండ్ గొప్పగా చెప్పుకునే ఆ సేకరణ, పని లేని మేస్త్రీల ఆకలి వల్ల ఒక గుమ్మం ముందు మొదలైంది. నువ్వు దాసరి పాటలైనా జంగం కథలైనా రికార్డు చేసుకునేటప్పుడు, రాగం రాసుకున్నట్టే ఆ ఏడాది వానలెలా ఉన్నాయి, పాడినవాళ్ళకు రోజుకు ఎంత వచ్చింది అన్నది కూడా రాసుకో. మీ గైడ్ వద్దన్నా సరే.

అదే విద్యార్థిని: మోరిస్ ఆడేవాళ్ళు ముఖానికి నల్లరంగు పూసుకునే ఫొటోలు చూశాను. అది జాత్యహంకారం కాదా?

యజమానులు గుర్తుపట్టకుండా మసి పూసుకునేవాళ్ళని ఒక వాదన. నల్లవాళ్ళను వెక్కిరించే 19వ శతాబ్దపు స్టేజి వేషాల ప్రభావం ఉందని ఇంకో వాదన. మసి వెనక చరిత్ర ఏదైనా, చూసేవాళ్ళ మనసు నొప్పిస్తుంటే రంగు మార్చుకోవచ్చు కదా. 2020లో అక్కడి మోరిస్ సంఘాలు కలిసి ముఖమంతా నల్లరంగు పూసుకోవడం మానాలని నిర్ణయించాయి. ఇప్పుడు చాలామంది నీలం, ఆకుపచ్చ పూసుకుంటున్నారు.

షావుకారుపేట నుంచి ఒక అమ్మమ్మ: అబ్బాయీ, ఆ సోల్ కేకు ఎలా చేస్తారో చెప్పు. మా మనవలకు చేసి పెడతాను. మేము గుడ్డు తినం.

మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను పెద్దమ్మా. వెన్న 175 గ్రాములు, పంచదార పొడి 175 గ్రాములు కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టండి. ఇంగ్లీషువాళ్ళు ఇందులో మూడు గుడ్ల పచ్చసొన వేస్తారు, మీరు బదులుగా మూడు చెంచాల చిక్కటి పెరుగు వేసుకోండి. మైదా 450 గ్రాములు, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పొడి కలిపి రెండు టీస్పూన్లు జల్లించి వేయండి. ఎండుద్రాక్ష గుప్పెడు. కొంచెం కొంచెం పాలు పోస్తూ చపాతీ పిండి కంటే మెత్తగా ముద్ద చేసి, వేలి మందాన ఒత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోయండి. పైన చాకుతో శిలువ గీత వాళ్ళ ఆచారం, మీకు ఇష్టమైతేనే. 180 డిగ్రీల వేడిలో పదిహేను, ఇరవై నిమిషాలు. అంచులు బంగారు రంగు తిరగగానే తీసేయండి, చల్లారాక గట్టిపడతాయి.

పెరుగు వేసినవి గుడ్డు వేసినంత గుల్లగా రావు, ముందే చెబుతున్నాను. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో ఇసుక పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద కాల్చవచ్చు. కాకపోతే టైము రెట్టింపు పడుతుంది. మనవలు వాసన పట్టి వంటింటి గుమ్మంలోకి వస్తారు. పాట పాడనిదే డబ్బా మూత తీయకండి.